పాలకుల తలుపు తట్టేవారు: పాలస్తీనా శాంతి, క్రైస్తవుల సాక్ష్యం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకుల పైనా, సహచరులందరి పైనా శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మాబాద్.



ఒక జుమా నాడు నమాజు ముగిశాక ఒక యువకుడు నా దగ్గర ఆగి ఇలా అడిగాడు: “మౌలానా సాబ్, గాజాపై పడిన బాంబుల్లో ఎక్కువ భాగం అమెరికా ఇచ్చినవే కదా! ఆ దేశంలో అత్యధికులు క్రైస్తవులే కదా! మరి చర్చీలు శాంతి కోరాయన్న వార్త చదివి మనం ఎందుకు సంతోషించాలి?”

ఆ ప్రశ్నలో ఆవేదన ఉంది. ఆవేదనలో పుట్టిన ప్రశ్నను తోసిపుచ్చరాదు. అయితే అందులో ఒక తొందరపాటు కూడా ఉంది. కోట్లాది మందిని ఒకే త్రాసులో వేసి ఒకేసారి తూచివేసే తొందరపాటు అది. నిజం చెప్పాలంటే ఆ దోషం అతనిది మాత్రమే కాదు. ఇదే మింబర్‌పై నిలబడి ‘నసారా’ అన్న ఒక్క మాటతో అందరినీ కలిపి విమర్శించిన సందర్భాలు నాకూ ఉన్నాయి. అల్లాహ్ క్షమించుగాక! అందుకే ఆ యువకునికి ఇవ్వవలసిన సమాధానాన్ని ఈనాడు మీ అందరి ముందూ ఉంచుతున్నాను.

ఖుర్ఆన్ నేర్పిన తూకం

దివ్యఖుర్ఆన్ గ్రంథప్రజల తప్పులను ఎత్తిచూపింది. అదే సమయంలో ఆలి ఇమ్రాన్ సూరాలో వారంతా సమానులు కారని స్పష్టం చేసింది. మాయిదా సూరాలో, ఒక జాతి పట్ల గల ద్వేషం మనల్ని న్యాయమార్గం నుండి తప్పించరాదని విశ్వాసులను హెచ్చరించింది. న్యాయం చేయడం న్యాయపీఠంపై కూర్చున్నవారి బాధ్యత మాత్రమే అనుకుంటాం. కాని ఇంటి అరుగు మీద కూర్చొని ఒక సమాజం గురించి మాట్లాడేవాడూ, చేతిలోని ఫోను నుండి ఒక సందేశాన్ని పదిమందికి పంపేవాడూ ఆ క్షణంలో తీర్పరులే. ఆ తీర్పుకు కూడా లెక్క చెప్పవలసిన రోజు ఒకటుంది.

కనుక ముందు వాస్తవాలు తెలుసుకుందాం.

ఆ నేలలోని క్రైస్తవులు

పాలస్తీనా క్రైస్తవులు బయటి నుండి వచ్చినవారు కారు. బెత్లెహేంలో, నజరేతులో, బైతుల్ మఖ్దిస్‌లో, గాజాలో తరతరాలుగా నివసిస్తున్న అరబ్బులు వారు. దేవుణ్ణి వారు ప్రార్థనలో ‘అల్లాహ్’ అనే పిలుస్తారు. ముస్లిం సోదరులు నిలబడే తనిఖీ కేంద్రాల వద్దనే వారూ నిలబడతారు.

2023 అక్టోబరు 19న గాజా నగరంలోని ప్రాచీనమైన సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణపై బాంబు పడింది. అక్కడ తలదాచుకున్న కుటుంబాలలో స్త్రీలూ పిల్లలూ మరణించారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు బెత్లెహేంలో వేడుకలు జరగలేదు. అక్కడి లూథరన్ చర్చిలో శిశువైన ఏసు బొమ్మను అలంకరించిన పశువుల తొట్టిలో కాక, పగిలిన రాళ్ల కుప్పపై ఉంచారు. 2025 జూలై 17న గాజాలోని హోలీ ఫ్యామిలీ చర్చిపై దాడి జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పోప్ ఫ్రాన్సిస్ యుద్ధం మొదలైన నాటి నుండి దాదాపు ప్రతి సాయంత్రం ఫోను చేసి క్షేమం విచారించినది ఆ చర్చినే.

ఈ క్రైస్తవులు తమ బాధను లోకానికి మొరపెట్టుకోవడంతో ఆగలేదు. బైబిల్ పేరు చెప్పి ఇజ్రాయీల్ ప్రభుత్వం చేసే ప్రతి చర్యనూ సమర్థించే సంఘాలు పాశ్చాత్య దేశాలలో బలంగా ఉన్నాయి. ఆ సిద్ధాంతాన్ని తిరస్కరిస్తూ 2006 ఆగస్టులో జెరూసలేంలోని నాలుగు చర్చీల పెద్దలు ఒక ప్రకటన చేశారు. ఆనాటి లాటిన్ పేట్రియార్క్ మిషెల్ సబ్బాహ్ వారిలో ఒకరు. 2009 డిసెంబరులో పాలస్తీనా క్రైస్తవులు ‘కైరోస్ పాలస్తీనా’ అనే పత్రాన్ని వెలువరించారు. ఆక్రమణ దేవుని పట్లా మానవుని పట్లా పాపమని, దానిని ప్రేమతో ప్రతిఘటించాలని ఆ పత్రం తమ మతస్థులకే బోధించింది. తన వారి తప్పును తన వారి ముందే చెప్పడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

తలుపు తట్టడం అంటే ఏమిటి?

జెనీవాలో ప్రపంచ చర్చీల మండలి అనే సంస్థ ఉంది. జెరూసలేం చర్చీల పెద్దల పిలుపు మేరకు 2002లో అది ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. వివిధ దేశాల స్వచ్ఛంద సేవకులు సుమారు మూడు నెలలు పాలస్తీనా గ్రామాలలో నివసిస్తారు. బడికి వెళ్లే పిల్లల వెంట నడుస్తారు. తనిఖీ కేంద్రాల వద్ద జరిగేది కళ్లారా చూసి నమోదు చేస్తారు. తమ దేశాలకు తిరిగి వెళ్లి చూసినది చూసినట్లు తమ చర్చీలకూ, తమ ప్రజాప్రతినిధులకూ వివరిస్తారు.

అమెరికాలో 1984లో ‘చర్చెస్ ఫర్ మిడిల్ ఈస్ట్ పీస్’ అనే కూటమి ఏర్పడింది. కాథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంప్రదాయాలకు చెందిన ముప్పైకి పైగా సంఘాలు అందులో ఉన్నాయి. ఇజ్రాయీల్, పాలస్తీనా ప్రజలిద్దరికీ భద్రత, మానవ హక్కులు, శాంతి లభించేలా తమ ప్రభుత్వ విధానం ఉండాలని వారు అధ్యక్షులకూ చట్టసభ సభ్యులకూ లేఖలు రాస్తారు, స్వయంగా కలిసి విన్నవిస్తారు.

లేఖల వల్ల ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా పదేళ్లలో 3,800 కోట్ల డాలర్ల సైనిక సహాయం ఇజ్రాయీల్‌కు ఇస్తానని మాట ఇచ్చింది. ఆ సొమ్మును ఏటా ఆమోదించవలసింది వారి చట్టసభ. ఆ సభ్యులను ఎన్నుకునేది ఓటర్లు. ఆ ఓటర్లలో చాలామంది ఆదివారం చర్చిలో కూర్చునేవారు. కాబట్టి చర్చిలో మాట మారితే ఓటరు మనసు మారవచ్చు. ఓటరు అడిగితే సభ్యుడు ఆలోచించక తప్పదు. ఈ దారి పొడవైనది, కాని అది అసలు చోటికే వెళుతుంది.

‘ముందుగా’ అన్న మాటలోని బరువు

ఈ శాంతి ప్రయత్నాన్ని పాలకులు తమ పనులలో ముందు వరుసలో పెట్టుకోవాలన్నది ఆ సంఘాల ముఖ్యమైన కోరిక. దీని వెనుక చరిత్ర అనుభవం ఉంది. 1978 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇతర పనులన్నీ పక్కనబెట్టి ఈజిప్టు, ఇజ్రాయీల్ నేతలతో క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు గడిపారు. ఆయన స్వయంగా చర్చిలో ఆదివారం పాఠాలు చెప్పిన క్రైస్తవుడు. మరుసటి ఏడాది ఆ రెండు దేశాల మధ్య సంధి కుదిరింది. 1982 నాటికి సీనాయి ప్రాంతం ఈజిప్టుకు తిరిగి దక్కింది. పాలస్తీనా ప్రజల హక్కు మాత్రం అప్పుడు తేలలేదు. అది తర్వాత చూద్దామని వదిలేసిన విషయమైంది.

ఆ ‘తర్వాత’ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. అధ్యక్షుడు క్లింటన్ రెండవ క్యాంప్ డేవిడ్ సమావేశాన్ని జరిపింది 2000 జూలైలో, ఆయన పదవీకాలం ఆరు నెలలే మిగిలి ఉండగా. అధ్యక్షుడు బుష్ అన్నాపొలిస్ సమావేశాన్ని పిలిచింది 2007 నవంబరులో, ఏడవ ఏడు ముగుస్తుండగా. అధ్యక్షుడు ఒబామా పదవి చేపట్టిన రెండు రోజులకే ప్రత్యేక దూతను నియమించారు. ఆ దూత 2011లో ఫలితం లేకుండానే వైదొలిగారు. త్వరగా ప్రారంభించడం అవసరం, కడదాకా పట్టుబట్టడం అంతకన్నా అవసరం. ఈ ఆలస్యం ఖాళీగా గడిచిన కాలం కాదు. 1993 ఓస్లో ఒప్పందం తర్వాతి ముప్పై ఏళ్లలో పశ్చిమ తీరంలో ఇజ్రాయీల్ కాలనీవాసుల సంఖ్య సుమారు నాలుగు రెట్లయింది. వాయిదా పడిన ప్రతి ఏడూ ఎవరిదో ఒక పొలాన్ని మింగింది.

ఇరువైపులా చూసే కన్ను

ఈ క్రైస్తవుల నుండి మనం గమనించవలసిన మరో విషయం ఉంది. 2023 అక్టోబరు 7న ఇజ్రాయీల్‌లో సుమారు 1,200 మంది చంపబడ్డారు, దాదాపు 250 మంది బందీలుగా తీసుకుపోబడ్డారు. వారిలో వృద్ధులూ పసివారూ ఉన్నారు. జెరూసలేం లాటిన్ పేట్రియార్క్ కార్డినల్ పిజ్జబల్లా, బందీలైన పిల్లలను విడిచిపెడితే వారికి బదులుగా తాను బందీగా వెళ్లడానికి సిద్ధమని ప్రకటించారు. గాజాలో చర్చిపై దాడి జరిగిన మరునాడు అక్కడికి వెళ్లి బాధితుల పక్కన నిలబడిందీ ఆయనే. గాజాలో పదుల వేల మంది మరణించడాన్ని తలచి ఏడ్చే కన్ను ఆ యూదుల పిల్లల కోసం కూడా చెమర్చితే తప్పేమీ లేదు. యుద్ధంలో సైతం స్త్రీలను, పిల్లలను చంపరాదని శాసించిన ప్రవక్త (స) అనుయాయులం మనం. ఆ శాసనానికి ఇరువైపులా ఒకే విలువ ఉంది.

హిల్ఫుల్ ఫుజూల్ గుర్తుందా?

మక్కాలో ఒక యమన్ వర్తకుని సరకు తీసుకొని ఒక ఖురైషు నాయకుడు వెల చెల్లించలేదు. ఆ పరదేశి అబూ ఖుబైస్ కొండెక్కి మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతని హక్కు అతనికి దక్కేవరకు అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. యువకుడైన ముహమ్మద్ (స) ఆ ప్రమాణంలో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అటువంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానని ఆయన చెప్పారు. ఆ ప్రమాణం చేసినవారు ముస్లింలు కారు. వారి విశ్వాసంతో ఆయన ఏకీభవించలేదు. వారి న్యాయాన్ని గౌరవించారు. క్రైస్తవుల త్రిత్వంతో మనకు ఏకీభావం లేదు, ఉండదు. కాని పీడితుని హక్కు కోసం వారు పాలకుల తలుపు తడితే, ఆ గడప వద్ద మనం వారికి అపరిచితులం కారాదు.

ఫలితం లేదు కదా?

“ఇన్నేళ్లు లేఖలు రాసి ఏం సాధించారు?” అని ఆ యువకుడు మళ్లీ అడగవచ్చు. అఅరాఫ్ సూరాలో సబ్బాతు నియమాన్ని మీరిన ఊరివారి వృత్తాంతం ఉంది. కొందరు వారిని వారిస్తుంటే, మరికొందరు ‘వినని వారికి చెప్పడం దేనికి’ అన్నారు. ప్రభువు ముందు మా బాధ్యత తీర్చుకోవడానికీ, వారు ఎప్పటికైనా భయపడి మారతారేమోనన్న ఆశతోనూ చెబుతున్నామని వారించేవారు బదులిచ్చారు. శిక్ష వచ్చినప్పుడు చెడును వారించినవారిని రక్షించామని అల్లాహ్ తెలిపాడు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. మాట మన నోటిలో ఉంది. దౌర్జన్యపరుడైన పాలకుని ముందు న్యాయమైన మాట పలకడాన్ని ఉత్తమ జిహాద్‌గా దైవప్రవక్త (స) పేర్కొన్నారు.

సోదరులారా! ఈ విషయం మన వీధికి దూరమైనది కాదు. మన తెలుగు క్రైస్తవులు జెరూసలేం యాత్రకు వెళ్లి వస్తుంటారు. మన తెలుగు బిడ్డలు ఇజ్రాయీల్‌లో వృద్ధుల సేవ చేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు. సైరను మోగిన రాత్రి ఇక్కడ వారి తల్లులకు నిద్ర ఉండదు. పక్కింటి క్రైస్తవుడు యాత్ర నుండి తిరిగి వస్తే పలకరించండి. బెత్లెహేం గోడను చూశాడా, అక్కడి క్రైస్తవులతో మాట్లాడాడా అని అడగండి. వాదన కోసం అడగవద్దు, వినడం కోసం అడగండి. ఒక మతం మొత్తాన్ని శపించే సందేశం ఫోనులో వస్తే అది మీ దగ్గరే ఆగిపోనివ్వండి. మన ప్రజాప్రతినిధులకు చెప్పవలసిన మాట ఉంటే మర్యాదగా, ఆధారాలతో, సంతకం పెట్టి చెప్పండి.

ఆ యువకునికి నా సమాధానం ఇదే: నాయనా, బాంబు ఇచ్చినవాడినీ, బాంబు ఇవ్వవద్దని ఆ పాలకుని గడప ముందు నిలబడినవాడినీ ఒకే పేరుతో పిలవకు. రేపు అల్లాహ్ సన్నిధిలో వారిద్దరి లెక్కా వేరువేరుగా తీస్తారు. ఈనాడు వారిని వేరుగా చూడడం మన న్యాయానికి పరీక్ష.

ఓ అల్లాహ్! బైతుల్ మఖ్దిస్ నేలకు న్యాయంతో కూడిన శాంతిని ప్రసాదించు. పీడితుల కన్నీరు తుడువు. పాలకుల హృదయాలను మెత్తబరచు. సత్యం పలికేవారు ఏ సమాజంలో ఉన్నా వారికి ధైర్యమివ్వు. మా నాలుకలను అన్యాయం నుండి కాపాడు. ఆమీన్.