వైన్ పీపాకి పాత పుస్తకం ఏమవుతుంది?

తార్నాకలో మా వీధి చివరి మేడమీద నెలకోసారి నలుగురైదుగురం చేరతాం. అందరం రిటైరైనవాళ్లమే. ఒక సీసా రెడ్ వైన్, రెండు పళ్లాల జంతికలు, ఒకే ఒక్క షరతు: గ్లాసు అందుకునే ముందు ప్రస్తుతం ఏ పుస్తకం చదువుతున్నారో చెప్పాలి. నేను గ్లాసు జోలికి పోను. జంతికల కోసం వెళ్తాను, పుస్తకాల కోసం కూర్చుంటాను.

మొన్న ఒకాయన కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ మళ్లీ మొదలుపెట్టానన్నాడు. బ్యాంకు మేనేజరుగా చేసినాయన లూయీ పాశ్చర్ జీవితచరిత్ర తెచ్చాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంనాడు కొన్నదట, అట్ట ఊడిపోయి ఉంది. ఇంటాయన ప్యాట్రిక్ మెక్‌గవర్న్ రాసిన ‘ఏన్షియంట్ వైన్’లో మునిగి ఉన్నాడు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే మా మనవరాలు నన్ను ఇంటికి తీసుకెళ్దామని వచ్చి, ఆ పుస్తకం తిరగేస్తూ అక్కడే చతికిలబడింది.

“తాతయ్యా, ఏడువేల ఏళ్లనాటి కుండలో వైన్ ఉండేదని వీళ్లకెట్లా తెలిసింది? ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది కదా?”

ఎండిపోతుంది తల్లీ, పులుపు మాత్రం పోదు. ద్రాక్షరసంలో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది కాల్షియంతో కలిసి, సులువుగా కరగని లవణమై కుండపెంకు సందుల్లో ఇరుక్కుపోతుంది. ఇరాన్‌లో హాజీ ఫిరూజ్ తెపే అనే చోట దొరికిన కుండలో మెక్‌గవర్న్ బృందం పట్టుకున్నది దాన్నే. ఆ సంగతి 1996లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. తర్వాత 2017లో జార్జియా దేశపు పెంకులు వైన్ చరిత్రను ఇంకా వెనక్కి, క్రీ.పూ. 6000 ప్రాంతానికి జరిపాయి.

ఆ దేశాల్లో ఈ ఆమ్లం దండిగా ఉండే పండు ద్రాక్షే కాబట్టి లెక్క కుదిరింది. అదే కుండ మన నల్గొండ దగ్గర తవ్వకాల్లో బయటపడితే? చింతపండు పులుపు కూడా ప్రధానంగా టార్టారిక్ ఆమ్లానిదే. ఇక్కడివాళ్లు వైన్ తాగారని ఎవరైనా రాసేలోపు, కాదు బాబూ చారు కాచుకున్నారని మనం అడ్డుపడాలి!

పాశ్చర్‌కి పేరు తెచ్చిపెట్టిందీ ఈ ఆమ్లమే. 1848లో, పాతికేళ్ల వయసులో, దాని లవణపు స్ఫటికాలను కుడివాటంవి ఒక కుప్పగా, ఎడమవాటంవి ఒక కుప్పగా పట్టకారుతో ఏరి కూర్చున్నాడు. అణువుల్లోనూ కుడిఎడమలు ఉంటాయని అప్పుడు తేలింది. 1866లో వైన్‌కి పట్టే తెగుళ్ల మీద ఒక గ్రంథమే రాశాడు. వైన్ చెడకుండా కాస్త వెచ్చబెట్టమని అందులో చెప్పిన ఉపాయమే ఇవాళ మీ పాలప్యాకెట్‌దాకా వచ్చింది.

ఈలోగా మనవరాలు ఆ అట్ట లేని పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. “ఐస్‌క్రీమ్ వాసన!” అంది. ఇంటాయన నవ్వి, తన గ్లాసులోనూ అదే వాసన ఉందన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ వాసన పేరు వెనిలిన్.

చెట్టు మాను నిలబడేది రెండు పదార్థాలతో. మట్టిగోడలో గడ్డిపరకల్లాగా సెల్యులోజ్ పోగులుంటాయి, వాటిని పట్టి ఉంచే మట్టి వంటిది లిగ్నిన్. వైన్ పీపా చేసేవాళ్లు ఓక్ చెక్కలను నిప్పు మీద వంచుతారు, లోపలివైపు కమిలేదాకా కాలుస్తారు. ఆ వేడికి లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. పీపాలో నెలల తరబడి ఉన్న వైన్ దాన్ని తనలోకి లాక్కుంటుంది.

కాగితం కూడా ఆ కలప బిడ్డే కదా. న్యూస్‌ప్రింట్‌లో కలపను నూరి గుజ్జు చేస్తారే తప్ప లిగ్నిన్ తీసెయ్యరు. అందుకే మన పాత వారపత్రికలు, డిటెక్టివ్ నవలలు అంత తొందరగా పచ్చబడ్డాయి. పీపాలో నిప్పు చేసిన పనిని అల్మారాలో గాలి, వెలుతురు తాపీగా చేస్తాయి. పైగా సిరా పాకకుండా ఉండాలని ఒకప్పుడు కాగితానికి పటిక కలిపేవారు. దానివల్ల కాగితంలో ఆమ్లం పెరిగి సెల్యులోజ్ తెగిపోతుంది, పుట వంచితే విరుగుతుంది. అలా తెగుతున్నప్పుడు బాదంపప్పు వాసన వేసే ఫర్ఫ్యూరాల్, కాస్త వెనిగర్ ఘాటు బయటికొస్తాయి. అంటే మనం మురిసిపోతూ పీల్చే పాత పుస్తకపు వాసన, ఆ పుస్తకం కొంచెం కొంచెంగా పోతున్న వాసన. లండన్ శాస్త్రజ్ఞులు 2009లో ఈ ఆవిర్లను కొలిచి, పుట చింపకుండానే పుస్తకం ఆరోగ్యం చెప్పొచ్చని చూపించారు.

ఐస్‌క్రీమ్ సంగతి కూడా చెప్పాలి. 1930ల చివరినుంచి కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచంలో వెనిలిన్ చాలామటుకు కాగితం మిల్లుల వ్యర్థజలం నుంచే వచ్చింది. కాగితంలోంచి తీసిపారేసిన లిగ్నిన్ చివరికి పిల్లల కప్పుల్లోకి చేరింది!

“మరి మన క్యాంపస్‌లో తాళపత్రాలున్నాయి కదా తాతయ్యా, అవి ఎందుకు విరిగిపోలేదు?”

అది అడగాల్సిన ప్రశ్న. ఉస్మానియా క్యాంపస్‌లోని ప్రభుత్వ ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో తాటాకు గ్రంథాలున్నాయి. తాటాకును నూరరు, పటిక కలపరు. ఉడికించి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, గంటంతో గీస్తారు. గీతల్లోకి దీపపు మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. పురుగు పట్టకుండా, ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాస్తారు. ఇలా చూసుకుంటే మూడు నాలుగు వందల ఏళ్లు ఢోకా లేదు.

ఇక్కడే నాకు ద్రాక్షతీగ మీద తాటిచెట్టు గెలిచిందనిపిస్తుంది. ద్రాక్ష పానీయం ఇస్తుంది, ఓక్ పీపా ఇస్తుంది, పుస్తకానికి ఇంకో చెట్టు వెతుక్కోవాలి. మన తాటిచెట్టు ఒక్కటే కల్లూ ఇస్తుంది, పుస్తకమూ ఇస్తుంది. చిత్రమేమిటంటే కల్లు ఒక్కరోజు ఆగదు, ఆకు శతాబ్దాలు ఆగుతుంది.

తేడా అంతా నీళ్లలో ఉంది. చెట్టునుంచి కారే నీరాలో పదిపన్నెండు శాతం చక్కెర, మిగతాదంతా దాదాపు నీళ్లే. లొట్టిలో కాచుక్కూర్చున్న ఈస్టు, బాక్టీరియా వెంటనే పనిలోకి దిగుతాయి. సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాల్ తయారు, మర్నాటికి పులుపు, ఆపైన వెనిగర్. తియ్యటి నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, ఆ క్షారానికి ఈస్టు ముడుచుకుంటుంది. ద్రాక్షరసంలో చక్కెర ఇరవై శాతం పైమాటే కనక ఆల్కహాల్ పన్నెండు పదమూడు దాకా పోతుంది. ఆ బలం వల్లే, బిరడా బిగించి గాలి తగలనివ్వకపోతే, వైన్ ఏళ్లతరబడి నిలుస్తుంది. ఎండిన ఆకులో సూక్ష్మజీవికి తాగడానికి చుక్క నీరు లేదు, ఇక అదేం చేస్తుంది?

అదే ఆకుకి, అదే కాగితానికి చెమ్మ తగిలిందా, బూజు పడుతుంది. వైన్ ప్రియులకూ ఈ బూజే శత్రువు. బిరడా బెరడులో క్లోరిన్ ఉన్న ఫినాల్ పదార్థాలుంటే బూజు వాటిని ట్రైక్లోరోఅనిసోల్‌గా మారుస్తుంది. లీటరులో ఒక గ్రాములో వందకోట్లో వంతు, అలాంటివి నాలుగైదు చేరినా చాలు, ఖరీదైన సీసా అంతా తడిసిన అట్టపెట్టె కంపు కొడుతుంది.

వానాకాలం వస్తోంది. పుస్తకాల అల్మారాను గోడకి ఆనించకండి, నాలుగంగుళాలు ఎడం ఉంచండి. తడి ఊరే గోడైతే అసలు పెట్టకండి. మీ తాతలనాటి తాటాకు కట్ట అటకమీద ఉంటే ఎండలో ఆరబెట్టకండి, వంటనూనె రాయకండి. ఒక పొడి గుడ్డలో చుట్టి క్యాంపస్ లైబ్రరీకి పట్టుకెళ్లి చూపించండి.