నల్లటి ముఖం కెమెరాకు ఎక్కదా? కొన్ని సినిమా మాటల లోగుట్టు

మూడేళ్ల కిందట ఏప్రిల్ 14 కోసం పేట పిల్లలతో కలిసి మేం ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం. ఫోన్‌తోనే. సున్నం వేసిన గోడ ముందు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో మా హీరో నిలబడ్డాడు. ఇంటర్ చదివే కుర్రాడు. డైలాగు తడబడకుండా చెప్పాడు. రాత్రి కమ్యూనిటీ హాల్లో వేసి చూస్తే గోడ కనిపించింది, చొక్కా కనిపించింది. ముఖం మాత్రం నల్లటి మచ్చలా ఉంది. కళ్లు కూడా తెలియలేదు. ఎడిటింగ్‌లో సాయం చేసిన స్టూడియో అతను ఒక్క మాటలో తేల్చేశాడు: "ఆ కలర్ కెమెరాకు ఎక్కదు. ఈసారి కాస్త తెల్లగా ఉన్నోణ్ని పెట్టుకోండి." కుర్రాడు పక్కనే ఉండి విన్నాడు. మరుసటి ఏడాది పిలిస్తే రాలేదు.

ఆ మాట అబద్ధమని అప్పటికప్పుడు చెప్పే పరిజ్ఞానం మాకు లేకపోయింది. సినిమా వాళ్ల సాంకేతిక పదాలు నేర్చుకున్నాక అర్థమైంది: తప్పు ముఖానిది కాదు, మీటర్ చొక్కాను చూసింది. ఇంకో పేటలో ఇంకో పిల్లాడు ఇదే మాట వినకూడదని ఇది రాస్తున్నాం.

మొదటి పదం ఎక్స్‌పోజర్. కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న లెక్క ఇది. దీన్ని స్టాప్‌లలో కొలుస్తారు. ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం. ఫోన్ ఈ లెక్క తనంతట తానే వేసుకుంటుంది. దానికి మనిషి, గోడ అన్న తేడా తెలియదు. ఎదుట ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగులో కనిపించాలన్నదే దాని లెక్క. ఛాయాగ్రాహకులు వాడే 18 శాతం గ్రే కార్డ్ ఆ బూడిదరంగుకు కొలమానం. ఫ్రేమ్‌లో తెల్లగోడ, తెల్లచొక్కా నిండిపోతే ఫోన్ "వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగుకు దిగుతుంది, ముఖం చీకట్లోకి పోతుంది. అదే గోడ ముందు తెల్లటి ముఖం ఉన్నా చీకటిపడేదే. కాకపోతే ఆనవాలు పట్టగలిగేవాళ్లం.

రెండో పదం జీబ్రా. వెలుగు ఒక స్థాయికి చేరిన చోట కెమెరా తెరమీద చారలు చూపే ఏర్పాటు. ముఖం మీది వెలుగు పడే భాగానికి దీన్ని 70 శాతం దగ్గర పెట్టుకోమని వీడియో పాఠాల్లో చాలాకాలం చెప్పారు. ఆ 70 తెల్లజాతి చర్మానికి సరిపోయే లెక్క. నల్లటి ముఖాన్ని బలవంతంగా అక్కడికి తెస్తే వెలిసిపోతుంది. దానికి అంతకంటే తక్కువ అంకె కావాలి. ఈ సంగతి చెప్పకుండా 70 ఒక్కటే నేర్పితే, నేర్చుకున్నవాడికి లోపం ముఖంలోనే కనిపిస్తుంది.

ఈ అలవాటుకు పాత చరిత్ర ఉంది. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక కార్డు పంపేది. దానిమీద ఒక తెల్లజాతి యువతి ఫొటో. మొదటి మోడల్ పేరు మీదుగా దాన్ని షర్లీ కార్డ్ అన్నారు. ఆమె ముఖం సరిగ్గా వస్తే అందరి ముఖాలూ సరిగ్గా వచ్చినట్టే లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీనిమీద వివరంగా రాశారు. ముదురు రంగులు సరిగా రావడం లేదని కొడాక్‌ను కదిలించిన ఫిర్యాదుల్లో చాక్లెట్ కంపెనీలవీ, చెక్క ఫర్నిచర్ వాళ్లవీ ఉన్నాయని ఆమె చూపించారు. నల్లజాతి తల్లులు తమ పిల్లల స్కూలు ఫొటోల గురించి బాధపడితే వినని చెవులకు, చాక్లెట్ వ్యాపారం మాట వినబడింది.

మూడోది వెక్టర్‌స్కోప్. రంగుల పాళ్లను గుండ్రటి పటంలో చూపే పరికరం. అందులో స్కిన్‌టోన్ లైన్ అనే గీత ఉంటుంది. సరైన వెలుగులో తీస్తే ఏ దేశం మనిషి ముఖమైనా దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. నలుపు, చామనఛాయ, తెలుపు అని మనం చెప్పుకునే తేడా ప్రధానంగా వెలుగు పాళ్లలోదే. చివర్లో రంగులు దిద్దే డీఐ గదిలో రోజూ ఈ గీత చూసేవాళ్లే, "డీఐలో కాస్త తెల్లగా లాగేద్దాం" అనడమే విచిత్రం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కులం అంటే రంగు కాదు. దళితుల్లో అన్ని ఛాయల వాళ్లూ ఉన్నారు, అగ్రకులాల్లో నల్లటివాళ్లూ ఉన్నారు. కానీ తెరమీద పేదరికాన్నీ 'తక్కువతనాన్నీ' రంగుతోనే చూపడం మన సినిమాకు అలవాటు. నల్లటి అమ్మాయి పాత్ర ఉంటే తెల్లటి నటికి ముదురు మేకప్ వేస్తారు. 2019లో వచ్చిన హిందీ సినిమా 'బాలా' మీద ఈ విమర్శే వచ్చింది. నల్లటి పాత్ర కావాలి, నల్లటి నటి వద్దు.

అంతా కెమెరా మీద తోసేయడానికీ లేదు. మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్' కథానాయిక పి.కె.రోజీ దళిత మహిళ. నాయర్ స్త్రీ పాత్ర వేసింది. తిరువనంతపురంలో ప్రదర్శించినప్పుడు అగ్రకుల ప్రేక్షకులు తెరమీద రాళ్లు విసిరారు. ఆమె ఊరు విడిచి వెళ్లిపోవాల్సి వచ్చింది. కెమెరా ఆమెను పట్టుకోగలిగింది, చూసేవాళ్లే ఓర్వలేకపోయారు. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు.

మరి ఏం చేయాలి? బారీ జెంకిన్స్ తీసిన 'మూన్‌లైట్' (2016) నల్లజాతి మనుషుల కథ. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అందులో నటుల ముఖాలకు పౌడర్ అద్దే బదులు నూనె రాశారు. నల్లటి చర్మం రూపురేఖలు మెరుపులోనే తెలుస్తాయి. పౌడర్ ఆ మెరుపును చంపేస్తుంది. ఫొటో అనగానే మన ఇళ్లలో పిల్లలకు పౌడర్ పట్టించడం గుర్తొచ్చిందా? మేం కూడా ఆ రోజు మా హీరోకి అదే చేశాం.

ఫోన్‌తో తీసేవాళ్లకు మేం నేర్చుకున్నవి ఇవి. తెరమీద ముఖం ఉన్నచోట వేలుతో నొక్కి పట్టుకోండి, లెక్క ముఖం మీద ఆగుతుంది. చాలకపోతే పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపండి. సున్నపు గోడను వదిలి ముదురు రంగు గోడ ముందు నిలబెట్టండి. తెల్లచొక్కా తప్పదంటే గోడనైనా మార్చండి. ముఖానికి ఒక పక్కగా థర్మాకోల్ షీట్ పట్టుకోండి. దాన్ని తాకి ముఖం మీదికి తిరిగొచ్చే వెలుగునే బౌన్స్ అంటారు. దవడ ఎముక మీద సన్నటి మెరుపు కనిపిస్తే వెలుగు కుదిరినట్టే. ఖర్చు ఒక్క థర్మాకోల్ షీటు.

కిందటి నెల ఆ కుర్రాణ్ని వెతుక్కుంటూ వెళ్లాం. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. ముందు రానన్నాడు. వాళ్ల ఇంటి వెనక, పశువుల కొట్టం నీడలో, థర్మాకోల్ షీటు వాళ్ల చెల్లెలికిచ్చి ఒక్క షాట్ తీశాం. ఫోన్ చేతికిచ్చాం. చాలాసేపు చూసుకున్నాడు. "అన్నా, ఇది నేనేనా?" అనలేదు. "అప్పుడు ఇట్లా ఎందుకు తియ్యలేదు?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. అప్పట్లో మాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు.