చలి రాత్రి, అట్టముక్కల పడక

న్యూయార్క్ సబ్‌వేలో ఇ రైలు ఎక్కడా నేల మీదికి రాదు. క్వీన్స్‌లోని జమైకాలో బయల్దేరి, మాన్‌హట్టన్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా సొరంగంలోనే పోతుంది. రాత్రంతా నడుస్తుంది, లోపల హీటరు ఉంటుంది. అందుకే జనవరి రాత్రుల్లో ఎందరో ఇల్లు లేనివాళ్లు దాన్నే నమ్ముకుంటారు. చివరి స్టేషన్లో దింపేస్తే మళ్లీ వెనక్కి వెళ్లే బండి ఎక్కుతారు. నిద్ర కూడా అలా ముక్కలు ముక్కలే.

ఆ రైలు కూడా ఎక్కని ఒక పెద్దాయన్ని పెన్ స్టేషన్ బయట చూశాను. గాలి చెంపలు కోసేస్తోంది. "అన్నా, అటు చూడకు, నడు" అన్నాడు నాతో జెర్సీ సిటీ నుంచి వచ్చిన తమ్ముడు. కొత్తగా దిగిన మన పిల్లలకు సీనియర్లు మొట్టమొదట చెప్పే జాగ్రత్త అదే. పరాయి ఊళ్లో ఆ భయం ఉండటం సహజమే. కానీ చూడకపోవడం అలవాటైపోతే చలికి బిగుసుకుపోతున్న మనిషి కూడా మన కంట పడడు.

ఆయన ఒంటి కింద అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయి. సిమెంటు నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి పైన దుప్పటి ఎంత ముఖ్యమో కింద అట్ట కూడా అంతే. బూట్లలో సాక్సుల మీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. కాఫీ ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు. డబ్బు అడగలేదు. "సాక్సులేమైనా ఉన్నాయా బాబూ?" అన్నాడు. షెల్టర్‌కి వెళ్లలేదేమని అడిగితే, "పోయినసారి పడుకుని లేచేసరికి బూట్లు లేవు" అన్నాడు.

న్యూయార్క్‌లో అడిగినవాడికి పడక ఇవ్వడం నగరం బాధ్యత. 1979లో రాబర్ట్ హేస్ అనే యువ లాయరు వేసిన దావాతో ఆ హక్కు వచ్చింది. ఆ దావాకు పేరిచ్చిన రాబర్ట్ కాలహాన్ ఒకప్పుడు వంటపని చేసినవాడు. ఆ దావాను ముగించిన ఒప్పందం మీద 1981లో సంతకాలు పడేలోపే ఆయన వీధిలోనే చనిపోయాడు. ఇప్పుడు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగితే నగరం 'కోడ్ బ్లూ' ప్రకటిస్తుంది. ఆ రాత్రి వచ్చినవాళ్లెవరినీ షెల్టర్లు వెనక్కి పంపకూడదు. అయినా హాల్లో పదిమంది మధ్య పడక వేరు, లోపల గడియ పెట్టుకోగల గది వేరు. పేదవాళ్లు అద్దెకుండే చవక లాడ్జి గదులు 1970ల నుంచి వేలకు వేలు మాయమై, ఖరీదైన అపార్టుమెంట్లయ్యాయి. మానసిక ఆసుపత్రులు మంచాలు తగ్గించుకుంటూ పోయాయి. అక్కడి నుంచి బయటికొచ్చినవాళ్లకు వేరే చోటు చూపించలేదు.

2024 జనవరి లెక్కల్లో అమెరికా మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది. అదే ఏడాది జూన్‌లో, షెల్టర్‌లో చోటు లేకున్నా సరే, బయట పడుకున్నవాళ్లకు ఊళ్లు జరిమానా వేయవచ్చని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పడుకోవడానికి చోటే లేనివాడు జరిమానా ఎక్కణ్నుంచి తెచ్చి కడతాడు? నా మటుకు అది అన్యాయమైన తీర్పు. ఫిన్లాండ్ 2008 నుంచి ముందు ఇంటి తాళం చేతికిచ్చి, తాగుడు, జబ్బు, అప్పుల సంగతి తర్వాత చూస్తోంది. అక్కడ ఇల్లు లేనివాళ్ల సంఖ్య బాగా తగ్గింది.

న్యూయార్క్‌లో ఉంటున్న మన పిల్లలకు ఒక మాట. చలికాలం బ్యాగులో ఒక జత ఉన్ని సాక్సులు పెట్టుకోండి. బయట ఎవరైనా పడుకుని కనిపిస్తే 311కి ఫోన్ చేసి వీధి పేరు, ఆ మనిషి వేసుకున్న బట్టల రంగు చెప్పండి. నగరం మనుషుల్ని పంపుతుంది. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే తాగాడనుకుని వదిలేయకండి. ఒళ్లు చల్లబడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా మనిషి అలాగే ఉంటాడు. వెంటనే 911కి చేయండి.