డిస్ట్రో మారాక డెస్క్‌టాప్ మొరాయిస్తే: అపోహలు – వాస్తవాలు

ఉబుంటు నుంచి ఫెడోరాకో, మింట్ నుంచి డెబియన్‌కో మారినవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే వెనక్కి వెళ్లిపోతుంటారు. ట్రేలో ఐకాన్లు కనబడవు, బుక్‌మార్కులు మాయమవుతాయి, టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ పడదు. దాంతో కొత్త డిస్ట్రో తమ కంప్యూటర్‌కు సరిపడలేదని తేల్చేసుకుంటారు. ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే. ఏ డిస్ట్రో తీసుకున్నా అడుగున ఉన్నది అదే లినక్స్ కెర్నల్. కాకపోతే ఒకచోట కాస్త కొత్తది, ఇంకోచోట కాస్త పాతది. అసలు తేడా అంతా దాన్ని తయారుచేసినవాళ్లు మన తరఫున ముందే తీసుకున్న నిర్ణయాల్లో ఉంటుంది. మనకు చిరాకు తెప్పిస్తున్న నిర్ణయం ఎవరిదో తెలిస్తే దాన్ని మార్చుకునే చోటూ తెలుస్తుంది.

అపోహ: ఉబుంటు, ఫెడోరా రెండింట్లోనూ ఉన్నది గ్నోమ్ డెస్క్‌టాపే. అక్కడ పనిచేసింది ఇక్కడ చేయట్లేదంటే ఏదో చెడిపోయినట్టే.

చెడిపోయిందేమీ లేదు. 2017లో వచ్చిన గ్నోమ్ 3.26 పాత ట్రేను తీసేసింది. మరుసటి ఏడాది 3.28తో డెస్క్‌టాప్ మీద ఫైళ్లు పెట్టుకునే వీలు కూడా పోయింది. విండో మూలన మూసే బటన్ తప్ప మినిమైజ్, మ్యాక్సిమైజ్ బటన్లు ఉండవు. ఇవన్నీ గ్నోమ్ రూపకర్తలు తెలిసి చేసిన మార్పులు. 2017 అక్టోబరులో పాత డెస్క్‌టాప్ యూనిటీని వదిలి గ్నోమ్‌కు వచ్చిన ఉబుంటు తన వాడుకరుల అలవాటు చెడకూడదని పక్కన డాక్, ట్రే ఐకాన్లు, డెస్క్‌టాప్ ఐకాన్లు, అన్నీ ఎక్స్‌టెన్షన్ల రూపంలో తనే అతికించి ఇస్తోంది. ఫెడోరా వర్క్‌స్టేషన్ మాత్రం గ్నోమ్‌ను దాదాపు ఉన్నదున్నట్టుగా ఇస్తుంది. అంటే ఇన్నాళ్లూ మనం గ్నోమ్ అనుకున్నది ఉబుంటు వాళ్లు దిద్దిన గ్నోమ్. యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ ఫెడోరా భాండాగారంలోనే ఉంది. దాన్ని వేసుకుని, ఒకసారి లాగౌట్ చేసి వచ్చి, ఆన్ చేస్తే ట్రే ఐకాన్లు వచ్చేస్తాయి. బటన్లకు గ్నోమ్ ట్వీక్స్ చాలు.

టచ్‌ప్యాడ్ సంగతీ ఇలాంటిదే. తడితే క్లిక్ పడటం గ్నోమ్‌లో మామూలుగానే ఆన్ అయి ఉండటం 2024లో వచ్చిన 46తో మొదలైంది. డెబియన్ 12లో ఉన్నది గ్నోమ్ 43. అక్కడ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

అపోహ: డిస్కు ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించాను, పాత సెట్టింగుల ప్రసక్తే లేదు.

హోమ్ విభాగాన్ని అలాగే ఉంచి మిగతాది మాత్రమే ఫార్మాట్ చేసి ఉంటే ప్రసక్తి ఉంది, గట్టిగానే ఉంది. చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫోల్డర్లు మామూలుగా కంటికి కనబడవు. పాత థీములు, ఎక్స్‌టెన్షన్లు, ప్యానెల్ అమరికలు, కీబోర్డు షార్ట్‌కట్లు అన్నీ వాటిలోనే ఉంటాయి. వేరే వెర్షన్ రాసిన సెట్టింగులను కొత్త డెస్క్‌టాప్ చదివినప్పుడు ఎక్స్‌టెన్షన్లు ఆగిపోవచ్చు, రంగులు కలగాపులగం కావచ్చు. దీన్ని తేల్చడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే తేలికైన పరీక్ష ఒకటుంది. ఇంకో యూజర్ ఖాతా తెరిచి అందులో లాగిన్ అవండి. అక్కడ సమస్య లేకపోతే దోషం డిస్ట్రోది కాదు, మన హోమ్ ఫోల్డర్‌ది. అక్కడా ఉంటే అప్పుడు డ్రైవర్ల గురించి ఆలోచించాలి. ఈ పరీక్ష చేయకుండా మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయడం శుద్ధ దండగ. అదే హోమ్‌తో అదే సమస్య తిరిగి వస్తుంది. అనుమానం ఉన్న ఫోల్డర్‌ను చెరిపేయకండి, పేరు మార్చి చూడండి.

ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు పోయాయని బాధపడేవాళ్లలో చాలామందివి నిజానికి ఎక్కడికీ పోవు. ఉబుంటు 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగా వస్తోంది. దాని ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. ఫెడోరా ఫైర్‌ఫాక్స్ అక్కడ వెతకదు కాబట్టి ఖాళీగా తెరుచుకుంటుంది. ఫెడోరా నుంచి డెబియన్‌కు వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కు. డెబియన్‌లోది ఈఎస్ఆర్ (దీర్ఘకాలిక మద్దతు) రకం, వెర్షన్ సంఖ్యలో వెనక ఉంటుంది. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను తెరవనని, ఇంకొకటి తయారు చేసుకొమ్మని అది చెబుతుంది. రెండు సందర్భాల్లోనూ పాత ప్రొఫైల్ డిస్కు మీద భద్రంగానే ఉంటుంది.

అపోహ: వీడియో ఆడటం లేదు, గ్రాఫిక్స్ కార్డుకు లినక్స్ పనికిరాదు.

ఇది సాంకేతిక లోపం కాదు, చట్టం తెచ్చిన చిక్కు. హెచ్.264, హెచ్.265 లాంటి వీడియో పద్ధతుల మీద పేటెంట్లు ఉన్నాయి. అమెరికా సంస్థ రెడ్‌హ్యాట్ అండతో నడిచే ఫెడోరా వాటి జోలికి పూర్తిగా వెళ్లలేదు. 2022లో ఈ పద్ధతులకు మీసా గ్రాఫిక్స్ డ్రైవర్ల ద్వారా అందే హార్డ్‌వేర్ సాయాన్ని కూడా తొలగించింది. అందుకే కొన్ని యంత్రాల్లో వీడియో ఆడుతుంది కానీ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తుతుంది. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే భాండాగారం జతచేసి, పూర్తిస్థాయి ఎఫ్ఎఫ్ఎంపెగ్, తగిన డ్రైవర్ ప్యాకేజీ వేసుకుంటే తీరుతుంది. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. ఆ టిక్కు పెట్టిన సంగతి మరిచిపోయినవాళ్లే ఫెడోరాలో ఎక్కువగా కంగారు పడతారు.

అపోహ: గడియారం తప్పు చూపిస్తోందంటే మదర్‌బోర్డులో సెల్ అయిపోయినట్టే.

భారత్‌లో విండోస్ కూడా ఉన్న యంత్రంలో, విండోస్‌లోకి వెళ్లినప్పుడు సమయం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటే సెల్‌ను అనుమానించనక్కర్లేదు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదువుతుంది. ఇదే యంత్రం డాలస్‌లో ఉంటే వేసవిలో అయిదు, చలికాలంలో ఆరు గంటలు ముందు చూపిస్తుంది. అంతర్జాతీయ సమయమే చదవమని విండోస్ రిజిస్ట్రీలో చెప్పడం మంచి పద్ధతి.

అపోహ: మీటింగులో స్క్రీన్ షేర్ నల్లగా వస్తోంది కాబట్టి వేలాండ్ ఇంకా పనికిరాదు.

ఫెడోరా 2016లోనే, 25వ విడుదలతో, తెర మీద విండోలను చూపే కొత్త వ్యవస్థ అయిన వేలాండ్‌కు మారింది. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ ఇంకా పాత ఎక్స్11నే ప్రధానంగా వాడుతోంది కనుక మింట్ నుంచి వచ్చేవాళ్లకు ఈ తేడా తగులుతుంది. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా అడగకుండానే మొత్తం తెరను చూడగలదు, పక్క విండోలో మనం కొట్టే పాస్‌వర్డ్‌తో సహా. వేలాండ్‌లో ముందు మన అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతిని పోర్టల్ అనే భాగం అడుగుతుంది, చిత్రాన్ని పైప్‌వైర్ చేరవేస్తుంది. మన డెస్క్‌టాప్‌కు సంబంధించిన పోర్టల్ ప్యాకేజీ ఉందో లేదో, మీటింగ్ యాప్ మరీ పాతదేమో చూడాలి. ఈ అడ్డు మన రక్షణకే ఉంది. దాన్ని లోపమనడం నాకు సమ్మతం కాదు.

అపోహ: ఉబుంటు, డెబియన్ ఒకే కుటుంబం. దాని చిట్కా దీనికీ పనికొస్తుంది.

ఇది మాత్రం ప్రమాదకరమైన నమ్మకం. ఉబుంటు కోసం కట్టిన పీపీఏ అనే అదనపు భాండాగారాలను డెబియన్‌కు జతచేస్తే లైబ్రరీల వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగక, ఇవాళ కాకపోతే వచ్చే అప్‌గ్రేడ్‌లో సిస్టమ్ కూలవచ్చు. డెబియన్‌లో అడ్మిన్ హక్కులిచ్చే సుడో పనిచేయకపోవడం కూడా లోపం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మన ఖాతాను అది సుడో గుంపులో చేర్చదు, మనమే చేర్చుకోవాలి. వైఫై విషయంలో డెబియన్ మీద ఉన్న పాత నింద కూడా ఇక వదిలేయవచ్చు; 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది.

అపోహ: కొత్త డిస్ట్రోలో తెలుగు రాదు.

వస్తుంది. అక్షరాల రూపు మారిందంటే ఒకచోట లోహిత్, ఇంకోచోట నోటో ఫాంటు ముందు వరసలో ఉందన్నమాట. డెబియన్, ఉబుంటులలో పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా దొరుకుతాయి. అయితే డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైపు చేయించిన ఫైలు పిచ్చి అక్షరాలుగా కనబడితే ఏ డిస్ట్రో మార్చినా ప్రయోజనం లేదు. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, దాన్ని మార్పిడి చేయాల్సిందే.

టైపు చేయడానికి, భాషల అమరికలను నడిపే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అమరికలు వస్తాయి. గ్నోమ్‌లో ఐబస్ కలిసే ఉంటుంది కాబట్టి కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంకో డెస్క్‌టాప్ అయిన కేడీఈ ప్లాస్మా వేలాండ్‌లో మాత్రం ఒక మెట్టు ఎక్కువ. సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ అన్న పేజీకి వెళ్లి ఐబస్ వేలాండ్‌ను ఎంచుకోవాలి. ఆ పేరు చూసి అది తెర మీది కీబోర్డుకు సంబంధించినదనుకుని దాటేస్తారు, తెలుగు రావడం లేదంటారు.