గుర్రమెక్కి వనభోజనానికి

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం మనకు తెలిసిన ముచ్చటే. అమెరికాలోనూ వనభోజనాలున్నాయి. అయితే అక్కడ కొన్నిచోట్ల విస్తరి ముందు కూర్చోవాలంటే ముందు గుర్రమెక్కాలి! సెలవుల్లో పిల్లాపాపలతో జాతీయవనాలు చూడబోయే వారికి ఇదొక పెద్ద వేడుక. వాటిలో బాగా పేరుపడ్డది ఎల్లోస్టోన్ వనంలో, రూజ్వెల్ట్ లాడ్జి దగ్గర, వేసవిలో జరిగే కౌబాయి విందు.

ఎల్లోస్టోన్ జాతీయవనం 1872లో ఏర్పడింది. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయవనమని దానికి ఖ్యాతి. వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాలలో సుమారు 3,470 చదరపు మైళ్ల మేర పరుచుకుని వుంది. తొలిరోజుల్లో యాత్రికులు గుర్రపుబళ్లలోనే తిరిగేవారు. 1915లో మోటారుకార్లను లోపలికి రానిచ్చారు. రెండేళ్లు తిరక్కుండా ఆ బళ్లు మూలబడ్డాయి. బళ్లు పోయినా, గుర్రం మీద జనానికున్న మోజు మాత్రం పోలేదు.

జీను మీద పాఠాలు

సవారీకి బయలుదేరే ముందు సాల దగ్గర మనిషిని చూసి గుర్రాన్ని ఇస్తారు. పిల్లలకు వయసు, ఎత్తు నియమాలున్నాయి. పెద్దలకు బరువు నియమం వుంది. గుర్రమెక్కలేని తాతయ్యలకూ, బామ్మలకూ, పసివాళ్లకూ బట్టకప్పు వేసిన గూడుబళ్లు సిద్ధంగా వుంటాయి. కనుక ఇంటిల్లిపాదీ కలిసే వెళ్లవచ్చు.

ఎక్కేది ఎడమవైపు నుంచి. రికాబులో మడమ కిందికి, వేళ్లు పైకి వుండాలి. మిట్ట ఎక్కేటప్పుడు కాస్త ముందుకు, పల్లం దిగేటప్పుడు కాస్త వెనక్కు వాలాలి. ముందు గుర్రానికీ మన గుర్రానికీ మధ్య ఎడం వదలాలి. గుర్రం చెవులు వెనక్కు మడిచిందంటే కోపం వచ్చిందన్నమాట! జీను ముందుభాగాన కొమ్ములాంటి పిడి ఒకటి వుంటుంది. పట్టుకోవడానికి బాగానే వుంటుంది గాని, అది పుట్టింది అందుకు కాదు. ఆవు మెడకు విసిరిన తాడును కౌబాయి ఆ పిడికే మెలివేసి బిగించేవాడు.

అడవి సేజి పొదల సువాసన పీల్చుకుంటూ నెమ్మదిగా సాగితే ప్లెజెంట్ వ్యాలీ వస్తుంది. 1880లలో జాన్ యాన్సీ అనే ఆయన పూటకూళ్లిల్లు నడిపిన లోయ అది. అక్కడ నెగళ్ల దగ్గర వంట సిద్ధంగా వుంటుంది: నిప్పులమీద కాల్చిన గొడ్డుమాంసం, ఉడికించిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె, పండ్లతో చేసిన తీపి వంటకం, మంటమీద కాచిన కాఫీ. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో శాకాహారులు కొందరుంటారు గదా! వారు ముందుగానే అడిగి ఏర్పాటు చేసుకోవడం మంచిది. చిక్కుడుగింజల్లో సైతం పందిమాంసం ముక్కలు కలపడం ఆ దేశపు అలవాటు.

అసలు కౌబాయి

మన తెలుగువారికి కౌబాయి అనగానే 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’, కృష్ణ చేతిలో తుపాకీ గుర్తొస్తాయి. నిజానికి కౌబాయి పశులకాపరి. మన మాటలో చెప్పాలంటే గోపాలుడు. ఆ విద్య అమెరికన్లు మెక్సికో కాపరుల దగ్గర నేర్చుకున్నారు. స్పానిష్ భాషలో ‘వాకా’ అంటే ఆవు, ‘వకేరో’ అంటే ఆవుల కాపరి. రాంచి, లాసో, రోడియో అన్నీ ఆ భాషనుంచి వచ్చినవే. కౌబాయిల్లో నీగ్రో జాతివారు కూడా వేలమంది వుండేవారన్న సంగతిని సినిమాలు చాలాకాలం చూపించనే లేదు.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసింది. టెక్సాస్‌లో పశువులు కొల్లలు. ఉత్తరాది పట్నాలలో మాంసానికి గిరాకీ. రైలు అందే చోటుదాకా వందలమైళ్లు మందలను తోలుకుపోవాలి. రోజుకు పది పదిహేను మైళ్ల నడక, నెలల తరబడి ప్రయాణం. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి ఒక పాత సైనికబండికి వెనుక అరల పెట్టె బిగించి వంటబండి చేయించాడు. ఆ పెట్టె తలుపు కిందికి దించితే అదే వంటబల్ల!

ఆ బండి దగ్గర వంటవాడిదే రాజ్యం. దుమ్ము వంటలో పడేలా గుర్రాన్ని తోలితే చీవాట్లు తప్పవు. రాత్రి పడుకోబోయే ముందు అతడు బండి కాడిని ధ్రువనక్షత్రం వైపు తిప్పి వుంచేవాడట. తెల్లారి మబ్బు కమ్మినా ఉత్తరమెటో అందరికీ తెలియాలి గదా!

ఈ జీవితం ఒక్క తరం కూడా నిండుగా సాగలేదు. రైళ్లు దగ్గరకొచ్చాయి, బీళ్లకు ముళ్లతీగ పడింది. 1886–87 శీతకాలపు మంచుతుఫానులు మందలకు మందలనే తుడిచిపెట్టాయి. డకోటాలో పశువుల వ్యాపారం పెట్టిన థియొడోర్ రూజ్వెల్ట్ కూడా చాలా పశువులను పోగొట్టుకున్నాడు. తరువాత దేశాధ్యక్షుడై 1903లో ఎల్లోస్టోన్‌కు వచ్చి గుడారంలో బసచేసిన ఆయన పేరే ఈ లాడ్జికి పెట్టారు.

కౌబాయికి ముందూ ఈ నేలకు మనుషులున్నారు. వేల ఏళ్లుగా ఆదివాసులు ఇక్కడ వేటాడారు, వండుకున్నారు. 1877లో నెజ్ పర్స్ తెగవారు ఆలుబిడ్డలతో, గుర్రాలతో, సైన్యం తరుముతూండగా ఈ వనం గుండానే పారిపోయారు. పిల్లలకు కౌబాయి కథ చెప్పేటప్పుడు ఈ కథ కూడా చెప్పడం న్యాయం.

ఎంగిలి మెతుకు విలువ

ఒకప్పుడు ఎల్లోస్టోన్‌లో హోటళ్ల ఎంగిలికూడు కుప్పపోస్తే ఎలుగుబంట్లు వచ్చి తినేవి. బెంచీల మీద కూర్చుని జనం ఆ తమాషా చూసేవారు. కార్లలోంచి చేయిచాపి రొట్టెముక్కలు అందించేవారు. ఫలితం? మనుషులకు గాయాలు, ఎలుగులకు చావు. మనిషి తిండి మరిగిన ఎలుగు దానికోసం తెగిస్తుంది. చివరికి దాన్ని చంపవలసి వస్తుంది. 1970నాటికి ఆ కుప్పలన్నీ మూసివేశారు. ఇప్పుడు జంతువులకు తిండి పెట్టడం నేరం. ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాలు, అడవిదున్నకు 25 గజాలు దూరంగా వుండాలి.

అందుచేత విందు అయ్యాక పళ్లెంలో మిగిలిన రొట్టెముక్కను ముద్దుగా వుందని అడవిలోకి విసరనివ్వకండి. గుర్రం దగ్గర ఓర్పు, వంటబండి దగ్గర క్రమం, అడవి దగ్గర అణకువ – కౌబాయి నుంచి మన పిల్లలు నేర్చుకోదగ్గవి ఇవే. టోపీ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది!