స్లైడులోనే వీడియో... రైతు సదస్సులకు కొత్త సదుపాయం

అమలాపురం: కొబ్బరి ఆకు అడుగున తెల్లదోమ ఎలా ఉంటుందో నోటితో చెబితే ఒక పట్టాన అర్థం కాదు. ఫొటో చూపిస్తే కొంత తెలుస్తుంది. అదే వీడియోలో చూపిస్తే తోటలో నిలబడి చూసినట్టే ఉంటుంది. రైతు సదస్సుల్లోనూ, బడుల్లోనూ తెర మీద స్లైడులు వేసి చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ మధ్యలో వీడియో చూపించాల్సి వచ్చేసరికి చిక్కు మొదలవుతోంది.

చెప్పేవారు స్లైడులు ఆపేస్తారు. యూట్యూబ్ తెరుస్తారు. ఒకటి వెతికితే పది వస్తాయి. కావలసినది దొరికేలోగా వెనక వరుసల వాళ్లు లేచి టీ కొట్టు దారి పడతారు. ఈ తిప్పలు తప్పించుకునే దారి కంప్యూటర్‌లోనే ఉంది. అది ఇదివరకటి కంటే ఎంతో తేలికైంది కూడా.

పాత చిక్కు, కొత్త సులువు

పూర్వం సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బట్టల కొట్ల ప్రకటనలు గాజు స్లైడుల మీద వేసేవారు. ఇప్పటి స్లైడు కంప్యూటర్‌లో తయారవుతుంది. ఆ పని చేసే పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. యూట్యూబ్ 2005లో మొదలైంది. ఈ రెండింటినీ కలపడం మొదట్లో అందరికీ చేతనయ్యే పని కాదు. 2010 నాటి పవర్‌పాయింట్‌లో వీడియోకి సంబంధించిన పొడుగాటి కోడ్ తెచ్చి అతికించాల్సి వచ్చేది.

ఇప్పుడు వీడియో లింకు ఒక్కటి కాపీ చేసుకుంటే చాలు. పవర్‌పాయింట్‌లో 'ఇన్సర్ట్' నొక్కి, 'వీడియో'లో 'ఆన్‌లైన్ వీడియోస్' ఎంచుకుని, వచ్చిన గడిలో లింకు అతికించాలి. వీడియో స్లైడు మీదే కూర్చుంటుంది. గూగుల్ స్లైడ్స్‌లో కూడా 'ఇన్సర్ట్', 'వీడియో' నొక్కితే సరిపోతుంది. అందులో వీడియో ఏ నిమిషం దగ్గర మొదలై ఎక్కడ ఆగాలో కూడా ముందే పెట్టుకోవచ్చు. అరగంట వీడియోలో అవసరమైన రెండు నిమిషాలే చూపించవచ్చన్నమాట.

కొబ్బరికి ఎందుకంత అవసరం?

సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులో తొలిసారి బయటపడింది. తర్వాత మన కొబ్బరి తోటలకూ పాకింది. ఆకు అడుగున వలయాలు చుట్టినట్టు గుడ్లు పెట్టి రసం పీల్చేస్తుంది. అది విసర్జించే జిగురు కింది ఆకుల మీద పడి, నల్లటి మసి పడుతుంది. మసి చూసి కంగారుపడి ఘాటు మందులు కొడితే తెల్లదోమను అదుపు చేసే ఎన్‌కార్సియా వంటి మిత్రపురుగులు కూడా చచ్చిపోతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం మిత్రపురుగులను, తెల్లదోమపై పనిచేసే ఐసేరియా శిలీంధ్రాన్ని పెంచుతోంది. దీన్ని ఆకు అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. ఏది శత్రువో, ఏది మిత్రుడో, పిచికారీ గొట్టం ఎటు తిప్పాలో కళ్లారా చూస్తేనే రైతుకు నమ్మకం కుదురుతుంది.

నెట్ లేకపోతే?

ఇక్కడ ఒక మెలిక ఉంది. లింకు అతికించినంత మాత్రాన వీడియో కంప్యూటర్‌లోకి రాదు. శుభలేఖ మీద చిరునామా ఉన్నట్టు, స్లైడులో దాని జాడ మాత్రమే ఉంటుంది. చూపించే సమయానికి నెట్ ఉండాల్సిందే. గోదావరి వరద రోజుల్లో లంక గ్రామాల్లో కరెంటు, సిగ్నలు ఎంత నిలకడగా ఉంటాయో ఎవరికి తెలియదు?

దీనికి విరుగుడు సొంత వీడియో. తోటలోనే ఫోనుతో రెండు నిమిషాల వీడియో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పవర్‌పాయింట్ 'వీడియో'లో ఈసారి 'దిస్ డివైస్' ఎంచుకుంటే ఆ వీడియో స్లైడులోనే భద్రంగా ఉంటుంది. నెట్‌తో పని లేదు. ఇతరుల వీడియోలను అనుమతి లేకుండా దింపుకుని వాడటం మాత్రం సరికాదు.

సొంత వీడియోకి మరో మేలు కూడా ఉంది. 2006లో బెంగళూరులో పరిశోధనగా మొదలైన డిజిటల్ గ్రీన్ ఈ పద్ధతినే నమ్ముకుంది. స్థానిక రైతులతోనే వీడియో తీసి, తోటి రైతుల మధ్య చూపించి, మధ్యమధ్య ఆపి ప్రశ్నలడిగింది. తనలాంటి రైతు చేసి చూపిస్తే రైతు త్వరగా నమ్ముతాడు. పల్లెకు బొమ్మతో పాఠం చెప్పడం మనకు కొత్త కూడా కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆనాడు పైనుంచి వచ్చిందే చూడాలి. ఈనాడు మన తోట వీడియో మనమే తీసి చూపించుకోవచ్చు.

సదస్సుకు గంట ముందే వీడియో ఒకసారి ఆడించి, చివరి వరుసదాకా మాట వినబడుతోందో లేదో చూసుకోవడం మంచిది. వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులు కూడా తెల్లదోమ నివారణపై తెలుగులో చిన్న చిన్న వీడియోలు తీయించి, లింకులతో సరిపెట్టక ఫైళ్లుగానే రైతు సేవా కేంద్రాలకు అందజేస్తే, సిగ్నలు అందని లంక రైతుకు సైతం మేలు జరుగుతుంది.