టెడ్డీ బేర్ చెప్పని కథ

పిల్లలూ! ఈసారి మనం వేట గురించి, వేట ఫోటోల గురించి మాట్లాడుకుందాం. సైన్సు మాస్టారికి వేటతో పనేమిటి అనుకుంటున్నారా? దీనికి కారణం మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు.

ఒకనాటి సాయంత్రం బడి విడిచాక ఆ అబ్బాయి ఇంటి నుంచి ఫోను తెచ్చి నాకొక ఫోటో చూపించాడు. అందులో ఒక ఉడుము. దాని కాళ్ళు వీపు మీదికి విరిచి తాడుతో బిగించి కట్టారు. తోక పట్టుకొని దాన్ని ఎత్తి చూపుతున్న మనిషి ముఖమంతా నవ్వు. ఎవరో పంపగా వచ్చిన ఆ ఫోటోను మావాడు తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అది చూసి పక్కింటి అక్కయ్య చీవాట్లు పెట్టిందట.

"మాస్టారూ! ఆ ఉడుమును నేను పట్టలేదు, చంపలేదు. ఫోటో పెట్టాను, అంతే. ఇందులో నా తప్పేముందండీ? అయినా కోడిని కోసుకు తింటే లేని తప్పు ఉడుమును తింటే ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాడు.

రెండూ మంచి ప్రశ్నలే. రెంటికీ ఒక్క మాటలో జవాబు చెప్పలేం. జవాబు వెతుక్కుంటూ మనం నూట ఇరవై ఏళ్ళు వెనక్కి, అమెరికా అడవుల్లోకి వెళ్ళి రావాలి. బయలుదేరే ముందు మీ ఇంట్లోనో, పక్కింటి చంటిపాప దగ్గరో టెడ్డీ బేర్ బొమ్మ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. మన కథ దానితోనే మొదలవుతుంది.

చెట్టుకు కట్టిన ఎలుగుబంటి

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో ఎలుగుబంట్ల వేటకు వెళ్ళాడు. ఆయన పేరుమోసిన వేటగాడు. కానీ ఎంత తిరిగినా ఆయనకు ఒక్క ఎలుగూ చిక్కలేదు. వేటకు దారి చూపుతున్న హోల్ట్ కాలియర్ తన కుక్కల సాయంతో ఒక నల్ల ఎలుగును చుట్టుముట్టి, తుపాకితో మోది, చెట్టుకు కట్టివేశాడు. వచ్చి కాల్చమని అధ్యక్షునికి కబురు పంపారు.

రూజ్‌వెల్ట్ వచ్చి చూశాడు. కాల్చనన్నాడు. ఆయనను ఆపిన చట్టమేదీ లేదు. అయినా కట్టేసిన జంతువును కాల్చడం వేట అనిపించుకోదని ఆయన భావించాడు.

ఈ సంగతి పత్రికలకెక్కింది. నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో క్లిఫర్డ్ బెర్రీమన్ అనే చిత్రకారుడు దీనిపై ఒక కార్టూన్ వేశాడు. అది దేశమంతా పాకింది. దాన్ని చూసిన బ్రూక్లిన్ దుకాణదారు మోరిస్ మిక్టమ్, ఆయన భార్య కలిసి గుడ్డతో ఒక ఎలుగు బొమ్మ కుట్టి దుకాణంలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ. అందుకే ఆ బొమ్మకు టెడ్డీ బేర్ అనే పేరు వచ్చింది.

కథ బాగుంది కదూ! కానీ ఇంకా అయిపోలేదు. ఆ ఎలుగు అప్పటికే బాగా గాయపడి ఉంది. దాన్ని బాధ నుంచి విముక్తి చేయమని రూజ్‌వెల్టే చెప్పాడు. దాన్ని కత్తితో పొడిచి చంపారు. కార్టూన్‌లో ఈ ముక్క లేదు. పైగా బెర్రీమన్ తరువాత వేసిన బొమ్మల్లో ఎలుగు మరింత చిన్నదై, ముద్దులొలికే పిల్ల ఎలుగులా మారింది. మనకు బొమ్మ మిగిలింది. కత్తి సంగతి మరుగున పడింది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి పనీ మంచిది కాదన్నది మొదటిది. చుట్టూ తిరిగే చిత్రం జరిగినదంతా చెప్పదన్నది రెండవది. ఈ రెంటినీ గుర్తుంచుకోండి.

వేటగాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు

రూజ్‌వెల్ట్, ఆయన మిత్రులు కలిసి 1887లోనే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే సంఘం పెట్టుకున్నారు. ఈ సంఘం ప్రచారం చేసిన భావాన్ని మనం 'న్యాయమైన వేట' అనుకోవచ్చు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి. కట్టేసినదాన్ని, కంచెలో చిక్కినదాన్ని చంపకూడదు. ఇలాంటి వేటగాళ్ళు పాటించే కట్టుబాట్లు మరికొన్ని ఉన్నాయి. దెబ్బ తగిలితే ప్రాణం వెంటనే పోవాలి. గాయపరిచి వదిలేయకూడదు. పిల్లలతో ఉన్న తల్లిని కొట్టకూడదు. మాంసాన్ని పారేయకూడదు.

ఈ కట్టుబాట్ల వెనుక జీవశాస్త్రం ఉంది. పాములు, బల్లులు, పక్షులు, క్షీరదాలు, వీటన్నింటికీ నొప్పిని పసిగట్టే నాడీకొనలు ఉన్నాయి. అరవలేని జంతువుకు నొప్పి లేదనుకోవడం పొరపాటు. మన ఫోటోలోని ఉడుముకు అరుపు లేదు. కాళ్ళు విరిచినప్పుడు దాని నాడుల్లో జరిగేది మాత్రం మన నాడుల్లో జరిగేదాని వంటిదే.

ఒక సింహం, ఒక మెడపట్టీ

ఇప్పుడు ఆఫ్రికాకు వెళదాం. జింబాబ్వే దేశంలో హ్వాంగే అనే పెద్ద జాతీయ వనం ఉంది. అందులో సెసిల్ అనే నల్ల జూలు సింహం ఉండేది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2008 నుంచి దాన్ని గమనిస్తూ వచ్చారు. అది ఎక్కడ తిరుగుతున్నదీ దాని మెడకు కట్టిన పట్టీలోని పరికరం ఉపగ్రహాల సాయంతో తెలియజేసేది.

2015 జూలై మొదట్లో అమెరికా నుంచి వచ్చిన ఒక దంతవైద్యుడు ఆ వనం సరిహద్దు బయట రాత్రివేళ సెసిల్‌పై బాణం వేశాడు. ఈ వేటకు ఆయన సుమారు 50 వేల డాలర్లు ఇచ్చాడని పత్రికలు రాశాయి. మొదటి బాణానికి సింహం చావలేదు. గంటల తరబడి గాయంతో ఉండి, రెండోసారి కొడితే చనిపోయింది.

మగ సింహం ఒకటి పోతే నష్టం ఒక్కటితో ఆగకపోవచ్చు. గుంపును కాపాడే మగసింహం చనిపోతే కొత్త మగసింహాలు వచ్చి ఆ గుంపులోని కూనలను చంపడం సింహాలలో తరచు జరిగేదే. ఈ సంగతి వేటగాడి ఫోటోలో కనబడదు.

కబురు బయటికి పొక్కగానే సామాజిక మాధ్యమాలలో పెద్ద దుమారం లేచింది. ఆ వైద్యుని క్లినిక్ తలుపు ముందు జనం గుడ్డబొమ్మలు తెచ్చి పేర్చారు. నూట పదమూడేళ్ళ కిందట ఒక వేట నుంచి పుట్టిన బొమ్మలు మరో వేటకు నిరసనగా నిలబడ్డాయి, చూశారా! కొన్ని విమాన సంస్థలు వేటాడిన సింహాల తలలు, తోళ్ళు మోసుకురాబోమన్నాయి. 2015 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆఫ్రికా సింహాలకు తన చట్టంలో రక్షణ ప్రకటించింది.

కానీ ఆ దుమారంలో మంచితో పాటు చెడు కూడా ఉంది. ఆ వైద్యుని చంపుతామని బెదిరించినవారున్నారు. జంతువుపై క్రూరత్వానికి మనిషిపై క్రూరత్వం మందు కాదు. ఆ ఆగస్టులోనే సెసిల్ తోడు సింహం జెరికోను కూడా చంపేశారని ఒక వార్త గుప్పుమంది. లక్షల మంది నమ్మారు. శాస్త్రవేత్తలు జెరికో మెడపట్టీ నుంచి వచ్చిన సమాచారం చూశారు. అది హాయిగా తిరుగుతూనే ఉంది! కోపం ఎంత న్యాయమైనదైనా వార్తను సరిచూసుకోక తప్పదు.

చివరకు జింబాబ్వే ప్రభుత్వం ఆ వైద్యుని పత్రాలు సక్రమంగానే ఉన్నాయని చెప్పి, ఆయనపై కేసు పెట్టలేదు. మన మొదటి పాఠం గుర్తుందా? చట్టం వదిలేసింది. 'ఇది సరైన పనేనా' అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నాణేనికి రెండో వైపు

అయితే విదేశీ వేటగాళ్ళందరినీ రేపే ఆపేస్తే సింహాలు బాగుపడతాయా? దీనిపై శాస్త్రవేత్తలలోనే ఏకాభిప్రాయం లేదు. నమీబియా వంటి దేశాల్లో వేటగాళ్ళిచ్చే రుసుములో కొంత పల్లె ప్రజల సంఘాలకు చేరుతుంది. ఆ ఆదాయం ఉన్నంతవరకు అడవిని కొట్టి పొలం చేయాలన్న ఆలోచన తగ్గుతుందని కొందరి వాదన. డబ్బు పల్లెలకు సరిగా చేరడం లేదనీ, పెద్ద మగ జంతువులను వరసగా చంపితే మందలు దెబ్బతింటాయనీ మరికొందరి వాదన.

జింబాబ్వే నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళిన ఒక విద్యార్థి 2015 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాశాడు. తమ ఊళ్ళో సింహం అంటే ముద్దుబొమ్మ కాదనీ, ఒట్టి భయమేననీ అతని మాట. మేకలూ పశువులూ పోగొట్టుకున్న మనిషి బాధ కూడా మన ఫోన్లలోని ఫోటోలో కనబడదు.

నవ్వు ముఖం, నాలుగు బబూన్లు

ఇక ఫోటో పంచుకోవడం దగ్గరకు వద్దాం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే కమిషన్ ఉంది. దాని సభ్యుడొకరు 2018లో నమీబియా వెళ్ళి వేటాడాడు. బాణాలతో చంపిన బబూన్ల కుటుంబాన్ని, అంటే పిల్లలతో సహా నాలుగు కోతులను, ముందు పేర్చుకుని నవ్వుతూ ఫోటో దిగాడు. దాన్ని తెలిసినవారు వందమందికి పైగా మెయిల్‌లో పంపాడు. అందుకున్నవారిలో వేటగాళ్ళూ ఉన్నారు. ముందుగా తప్పుబట్టినది వాళ్ళే! గవర్నరు రాజీనామా కోరాడు. అక్టోబరులో ఆయన పదవి వదిలాడు.

ఆయన చట్టాన్ని మీరలేదు. మరి సాటి వేటగాళ్ళు ఎందుకు మండిపడ్డారు? చచ్చిన జంతువు పట్ల కూడా ఒక మర్యాద ఉంటుందన్నది వారి కట్టుబాటు. పిల్లల ప్రాణం తీసి, ఆ కళేబరాల వెనుక నవ్వడం ఆ మర్యాదకు విరుద్ధం.

నిజం చెప్పాలంటే వేట గొప్పలు చెప్పుకోవడం కొత్త కాదు. నా చిన్నతనంలో నేనూ ఉండేలుతో పిట్టలను కొట్టాను. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న పిట్టను వీధి చివరిదాకా చూపించి వచ్చాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజుల్లో నా గొప్ప మా వీధి దాటలేదు. ఇప్పుడు ఒక్క వేలి తాకిడితో అది ఊళ్ళు దాటుతుంది. అదే తేడా.

మావాడి ప్రశ్నలకు జవాబు

ముందు కోడి సంగతి. కోడిని మనిషి పెంచుతాడు. ఒకటి పోతే మరొకటి పొదిగిస్తాడు. ఉడుమును ఎవరూ పెంచరు. అది పురుగులు, పీతలు, ఎలుకలు, గుడ్లు, చచ్చిన జంతువులు తిని పొలాల్లో, గుట్టల్లో తన పని తాను చేసుకుపోతుంది. చీలిన నాలుకను ఆడిస్తూ గాలిలోని వాసనను నోట్లోకి తీసుకుని ఆహారం జాడ కనిపెడుతుంది. తోటలోని ఉడుములన్నీ పోతే వాటి చోటును నింపేవాళ్ళు లేరు. అందుకే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులితో పాటు ఉడుమును కూడా మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. కోడి విషయంలోనూ తినడం వేరు, హింసించడం వేరు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పెంపుడు జంతువులకూ వర్తిస్తుంది.

ఇక 'ఫోటో పెట్టాను, అంతే' అన్న మాట. ఆ ఫోటోకు ఎన్ని మెచ్చుకోళ్ళు వస్తే తరువాతి వేటకు అంత ఉత్సాహం. చూసిన మరో నలుగురికి 'మనమూ పడదాం' అనిపిస్తుంది. బతికి ఉన్న జంతువు ఫోటో కూడా ఒక్కోసారి ప్రమాదమే. అది ఫలానా చోట ఉందని దొంగ వేటగాళ్ళకు తెలిసిపోతుంది. 2013లో మన దేశంలోనే ఒక పులి మెడపట్టీ సమాచారం చేరే మెయిల్ పెట్టెను తెరవడానికి ఎవరో ప్రయత్నించారు. జంతువు చచ్చిపోయినా దాని ఫోటో పని చేస్తూనే ఉంటుంది. పంచుకున్నవాడు ఆ పనిలో ఒక చెయ్యి వేసినట్లే.

మరి కెమెరా చెడ్డదా? కానే కాదు. 1920లలో ఉత్తర భారత అడవుల్లో ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే దారిలో తీగ కట్టాడు. పులి కాలు తగలగానే కెమెరా తనంతట తానే ఫోటో తీసేది. పులికి ఏ హానీ లేదు. ఈనాడు మన నల్లమలలో పులులను లెక్కించే కెమెరాలు ఆ ఆలోచనకు వారసులే. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు గనుక ఫోటో చూసి ఒక్కొక్క పులిని గుర్తుపడతారు.

ఇలాంటి ఫోటో ఏదైనా మీ ఫోనుకు వస్తే పంపే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎక్కడ, ఎప్పుడు తీసినదో నాకు తెలుసా? ఇందులో కనబడనిదేమిటి? నేను పంపితే ఆ జంతువు జాతికి మేలా, కీడా? ఇందులో నేరం కనబడితే నలుగురికి పంచడం కంటే పెద్దవాళ్ళతో చెప్పి అటవీ శాఖకు తెలపడం మంచిది కాదా?

ఇదంతా విని మావాడు అక్కడే స్టేటస్ తీసేశాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. "మాస్టారూ! నేను తీసేశాను గానీ, నా దగ్గర నుంచి మా మామయ్య తీసుకుని తన గ్రూపులో పెట్టుకున్నాడండీ. అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలియడం లేదు" అన్నాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"ముందు మీ మామయ్యకు ఈ కథ చెప్పు" అన్నాను.